మందు పెట్టడం

హైదరాబాదులో ఏ సందు చివరికెళ్ళినా ఒక 'వైన్స్' కనిపిస్తుంది. శ్రీ లక్ష్మీ వైన్స్, కనకదుర్గా వైన్స్, సాయి వైన్స్. దేవుడి పేరు ముందు, వైన్స్ అన్న మాట వెనక. లోపల విస్కీ, బ్రాందీ, బీరు కేసులకి కేసులు ఖాళీ అవుతుంటాయి. అసలు వైన్ మాత్రం పై అరలో, దుమ్ము పట్టి, నాలుగంటే నాలుగు సీసాలు. అడిగితే కౌంటర్‌లో కుర్రాడు స్టూలెక్కి దించి, గుడ్డతో తుడిచి, "గిఫ్టుకా మేడమ్?" అంటాడు. తాగడానికి అని ఎందుకనుకోడో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అతని అనుభవంలో వైన్ అంటే ఎవరికో ఇవ్వడానికి కొనేదే.

నిజానికి ఈ ఊరికి ద్రాక్ష కొత్త కాదు. అబ్దుల్ బాకర్ ఖాన్ తెచ్చి నాటిన అనాబ్-ఎ-షాహీ ఒకప్పుడు హైదరాబాదు పేరు మోసిన పండు. కానీ అది ఇక్కడ తినే ద్రాక్షగానే పేరు తెచ్చుకుంది. తాగే ద్రాక్ష మనకి బయటనుంచి వచ్చింది, నంది కొండల దగ్గర గ్రోవర్ వాళ్ళ తోటల నుంచి, 2000లో మొదటి సీసా అమ్మిన నాసిక్ సులా నుంచి. వచ్చింది కూడా తాగే అలవాటుగా కంటే ఇచ్చే అలవాటుగానే ఎక్కువ వచ్చిందేమో అనిపిస్తుంది.

మాది పదకొండు మందితో నడిచే చిన్న డిజైన్ స్టూడియో. విత్తనాల కంపెనీలకి సంచులు, డయాగ్నొస్టిక్ సెంటర్లకి రిపోర్టు కవర్లు, స్కూళ్ళకి బ్రోషర్లు చేస్తాం. ఏటా డిసెంబరులో క్లయింట్లకి ఏదో ఒకటి పంపిస్తాం. ఏడాదంతా పని ఇచ్చినందుకు, మధ్యలో వదిలేసి పోనందుకు, వీలైతే బిల్లు టైముకి కట్టినందుకు. మొన్నటిదాకా డ్రైఫ్రూట్ డబ్బాలు పంపేవాళ్ళం. వాటి జాతకం అందరికీ తెలిసిందే. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి, అక్కడినుంచి ఎవరింటి గృహప్రవేశానికో, సీలు తీయకుండా తిరుగుతూనే ఉంటాయి. ఒకసారి మేం పంపిన డబ్బానే మా రిబ్బన్‌తో సహా మాకు తిరిగొచ్చింది.

పోయినేడు మా పార్ట్‌నర్ అన్నాడు, "ఈసారి వైన్ ఇద్దాం. క్లాస్‌గా ఉంటుంది. విస్కీ ఇస్తే లంచంలా ఉంటుంది, స్వీట్లు ఇస్తే షుగరంటారు. వైన్‌తో ఆ గొడవ లేదు."

అతను చెప్పిందాంట్లో విషయం ఉంది. సీసా ఎవరూ డబ్బాలా తిప్పరు. పైగా వైన్‌కి మంచి పేరుంది. సినిమాల్లో డాక్టర్లు, ప్రొఫెసర్లు తాగుతారు. విస్కీ అంటే బార్, వైన్ అంటే భోజనం. ఇలా అనుకునే ప్రపంచమంతా క్లయింట్లకి వైన్ పంపిస్తోంది. ఫ్రాన్స్‌లో, ఇటలీలో అది మన ఊళ్ళో మామిడిపళ్ళ బుట్ట పంపినంత మామూలు.

అక్కడ అది ఎందుకు మామూలయిందో లెవీ-స్ట్రాస్ 1949 నాటి తన పుస్తకంలో ఒక చిన్న ఉదాహరణతో చెబుతాడు. దక్షిణ ఫ్రాన్స్‌లో చవక హోటళ్ళలో భోజనం ధరలోనే ఒక బుల్లి వైన్ సీసా వస్తుంది. ఒకే బల్ల దగ్గర ముఖపరిచయం లేని ఇద్దరు కూర్చుంటారు. ఎవరి పళ్ళెంలోది వాళ్ళు తింటారు, కానీ వైన్ మాత్రం ఎవరూ తమ గ్లాసులో పోసుకోరు. పక్కవాడి గ్లాసులో పోస్తారు. అతనూ తన సీసా తీసి వీళ్ళ గ్లాసు నింపుతాడు. లెక్క చూస్తే ఎవరికీ చుక్క ఎక్కువ రాలేదు, తక్కువా కాలేదు. కానీ అంతవరకూ అపరిచితులైనవాళ్ళు ఇప్పుడు కాదు. అన్నం ఒంటికోసం, వైన్ ఎదుటివాడికోసం.

నాకిది చదివినప్పుడు మన వాయనం గుర్తొచ్చింది. ఇచ్చే ఆవిడ ఇస్తున్నానని పైకి అనాలి, తీసుకునే ఆవిడ పుచ్చుకుంటున్నానని పైకి అనాలి. రెండు నోళ్ళూ పలికితేనే అది వాయనం. పక్కింటివాళ్ళు కూర పంపిన గిన్నెని ఖాళీగా తిరిగివ్వకూడదనడం కూడా అలాంటిదే. చిటికెడు పంచదారయినా వెయ్యాలి. మన భాషలో థాంక్స్‌కి రోజువారీ మాట లేదని చాలామంది విసుక్కుంటారు గానీ, "నీ రుణం ఉంచుకోను", "నీ పుణ్యమా అని", "చల్లగా ఉండు" అనే మాటలు ఆ పని చేస్తూనే వచ్చాయి. ఇవన్నీ ఎదురుగా నిలబడి, ముఖం చూసి అనే మాటలు. కొరియర్ కుర్రాడి దగ్గర సంతకం పెట్టి తీసుకునే పెట్టెకి ఆ ఎదురుబొదురు లేదు. అందుకే ఆ పెట్టెలోది ఏమిటన్నది అంత ముఖ్యమవుతుంది. అది మన తరఫున ఒక్కతే ఆ ఇంట్లోకి వెళ్ళి మాట్లాడాలి.

మరి వైన్ సీసా వెళ్ళి ఏం మాట్లాడుతుంది?

750 మిల్లీలీటర్ల సీసాలో 150 చొప్పున అయిదు గ్లాసులు. విస్కీలా మూత పెట్టి ఏళ్ళ తరబడి దాచుకునేది కాదు. ఒకసారి తెరిస్తే గాలి తగిలి నాలుగైదు రోజుల్లో పులిసిపోతుంది. అంటే ఆ సీసా ఒక బల్లని అడుగుతుంది. బల్ల చుట్టూ కనీసం ఇద్దరుముగ్గురు మనుషుల్ని, వాళ్ళు దాపరికం లేకుండా ఒకరి ముందొకరు తాగే ఒక సాయంత్రాన్ని అడుగుతుంది. కొండాపూర్‌లో, గచ్చిబౌలిలో కొన్ని ఫ్లాట్లలో ఆ బల్ల ఉంది. మొగుడూ పెళ్ళాం శుక్రవారం రాత్రి ఏదో సిరీస్ పెట్టుకుని చెరో గ్లాసూ తాగుతారు, దాని గురించి ఎవరికీ సంజాయిషీ చెప్పరు. కానీ మన ఇళ్ళలో ఎక్కువ భాగానికి తాగడం ఇంటి బయట పని. వైన్స్ పక్కన పర్మిట్ రూమ్, మేడ మీద వాటర్ ట్యాంకు వెనక, ఆపిన కారు లోపల. ఇంటికొచ్చేది మనిషీ, వాసనా. ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద రిబ్బన్ కట్టిన సీసా పెడితే అందరూ దాన్ని చూసి, ఆ తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.

మన భాష ఆ చూపుని ఎప్పుడో ఒక్క మాటలో పెట్టేసింది. మందు. జ్వరానికి వేసేది మందు, సాయంత్రం కొట్టేది మందు, చేనుకి చల్లేది మందు, తుపాకీలో కూరేది మందు. ఇంకోటి కూడా ఉంది, 'మందు పెట్టడం'. మనిషిని తమ చెప్పుచేతల్లో ఉంచుకోడానికి అన్నంలోనో పాలల్లోనో ఏదో కలిపి పెట్టారని ఊళ్ళలో అంటారు కదా, అది. "వాడికి వాళ్ళు మందు పెట్టేశారు, అందుకే వాళ్ళ మాటే వింటున్నాడు." క్లయింటుకి డిసెంబరులో సీసా పంపడానికి ఇంతకన్నా సరిపోయే తెలుగు మాట నాకు దొరకలేదు.

ఇది మనకి ఒక్కళ్ళకే వచ్చిన అనుమానం కూడా కాదు. ఇంగ్లీషులో బహుమతి అయిన 'గిఫ్ట్' జర్మన్‌లో విషం. మార్సెల్ మోస్ 1924లో ఈ రెండర్థాల మీదే ఒక చిన్న వ్యాసం రాశాడు. పాత జర్మన్ తెగల్లో బహుమతి అంటే ముఖ్యంగా తాగడానికి ఇచ్చే పానీయమేనట. ఎవరైనా గ్లాసు చేతికిచ్చినప్పుడు అందులో ఉన్నది స్నేహమో ఇంకోటో తాగేదాకా తెలీదు. ఆ సందేహం ఆ మాటలో అలాగే ఉండిపోయిందని అతని వాదన.

ఆంధ్ర దేశంలో ఆ సందేహం మాటల్లోనే ఆగలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్ళే ఆడవాళ్ళు, వాచకంలోని ఒక పాఠం చదివి, తమ ఊరి సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అలా బయటికొచ్చింది. 1992 నాటికి అది జిల్లాలు దాటింది. 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం పూర్తి నిషేధం, 1997లో దాని సడలింపు. రాజకీయంగా ఆ కథ ఎలా ముగిసిందన్నది వేరే సంగతి. ఆ ఆడవాళ్ళకి సీసా ఒక వస్తువు కాదు, ఆ రోజు ఇంటికి రాని కూలి డబ్బు. మా క్లయింట్లలో కొందరు ఆ వయసు పిల్లలుగా ఆ ఊళ్ళలో పెరిగినవాళ్ళే. ఇప్పుడు ఏసీ గదుల్లో కూచున్నారు గనక వాళ్ళ ఇళ్ళు అదంతా మరిచిపోయుంటాయని అనుకోవడానికి వీల్లేదు.

మా ఇంట్లో కూడా సీసాలుండేవి. నాన్న ఒక ప్రభుత్వ సంస్థలో పర్చేజ్ సెక్షన్‌లో ఉండేవాడు. దీపావళికీ, జనవరి ఒకటికీ కాంట్రాక్టర్లు పంపేవాళ్ళు. నిషేధం ఉన్న ఆ రెండేళ్ళూ జీడిపప్పు వచ్చింది, తర్వాత మళ్ళీ సీసాలు. నాన్న తాగడు. తిరిగి పంపితే మనిషి చిన్నబుచ్చుకుంటాడని తీసుకునేవాడు. అమ్మ వాటిని బీరువా మీద, పాత సూట్‌కేసు వెనకాల పెట్టేది. అక్కడ ఎన్నాళ్ళుంటాయి? ఒకటి ప్లంబరుకి, ఒకటి మావయ్యకి, ఎక్కువ భాగం ఆఫీసు జీపు నడిపే ఆయనకి. ఆయన పండక్కి మామిడాకులు తెచ్చేవాడు, కరెంటు బిల్లు కట్టుకొచ్చేవాడు, నన్ను స్కూలు దగ్గర దింపేవాడు. నాన్న ఆయనకి సీసా ఇవ్వడమంటే మా ఇంటి తరఫున థాంక్స్ చెప్పడమే.

నాకు పన్నెండేళ్ళప్పుడనుకుంటా, ఒక మధ్యాహ్నం ఆయన భార్య వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి అమ్మతో అంది, "అమ్మా, ఏమనుకోవద్దు. ఇంక ఆయనకి సీసాలు ఇయ్యొద్దమ్మా. కొనుక్కుని తాగితే కొట్లాడతా. సారు ఇచ్చిండు అంటే నేనేం మాట్లాడాల? పండక్కి ఇయ్యాలనిపిస్తే బియ్యం ఇయ్యండి. నా చేతికియ్యండి."

ఆవిడ వెళ్ళాక అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ సంక్రాంతికి పాతిక కిలోల బస్తా వెళ్ళింది, ఆవిడ చేతికే.

"సారు ఇచ్చిండు అంటే నేనేం మాట్లాడాల?" నాకు ఇన్నేళ్ళలో కానుకల గురించి ఇంతకన్నా పెద్ద సత్యం ఎవరూ చెప్పలేదు. కొన్న సీసాతో పోట్లాడొచ్చు. కానుకగా వచ్చిన సీసాకి గౌరవం తోడుంటుంది. ఇచ్చినవాడి హోదా దాని మూతకి చుట్టుకుని ఉంటుంది. పైనుంచి వచ్చినది కాబట్టి ఆ ఇంట్లో దాన్ని కాదనే హక్కు ఎవరికీ ఉండదు, ముఖ్యంగా దానివల్ల నష్టపోయే మనిషికి. పైగా కానుకలు ఇచ్చినచోట ఆగవు. కాంట్రాక్టరు నాన్నకిచ్చాడు, నాన్న డ్రైవరుకిచ్చాడు. తాగని ఇంట్లోంచి తాగే ఇంట్లోకి, మెట్టు మెట్టుగా కిందికి దిగింది. వద్దనుకున్నవాళ్ళందరి చేతులూ దాటి, చివరికి వద్దనలేని మనిషి దగ్గర ఆగింది.

ఈ మెట్లకి తగ్గట్టు మనకి పేర్లు కూడా ఉన్నాయి. అదే సీసా డైరెక్టరుకిస్తే కర్టసీ. ఆయన కింద అకౌంట్స్‌లో బిల్లు పాస్ చేసే మనిషికిస్తే లంచం. ప్రభుత్వాఫీసులో కిటికీ దగ్గర ఇస్తే మామూలు. డ్రైవరుకిస్తే బక్షీసు. మా లాంటి చిన్న కంపెనీకి నిజంగా థాంక్స్ చెప్పాల్సింది ఎవరికి? నా మటుకు నాకు, ఆ అకౌంట్స్ మనిషికి. మా ఇన్‌వాయిస్ దొంతరలో అడుగుకి పోకుండా పైన పెట్టేవాడికి, "మేడమ్, మీ పీవో నంబరు తప్పుంది, సరిచేసి పంపండి" అని తనే ఫోన్ చేసేవాడికి. కానీ ఆయనకి పంపితే ఆయన ఉద్యోగానికే ముప్పు. డైరెక్టరుకి మేమెవరో కూడా సరిగ్గా గుర్తుండదు, సీసా మాత్రం ఆయనకే వెళ్తుంది.

మా ఆడిటర్ దగ్గరికి వెళితే ఇంకో వినోదం. తాగే మద్యం జీఎస్టీ కిందకి రాదు, దాని పన్ను రాష్ట్రాలది. పోనీ వేరే ఏది కొని కానుకగా ఇచ్చినా జీఎస్టీలో ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, చట్టం కానుకల్ని పోయిన సరుకు, దొంగలెత్తుకుపోయిన సరుకు, పాడైన సరుకుతో ఒకే వాక్యంలో కలిపి రాసింది. వ్యాపార సంబంధంలో ఒకరికి ఏడాదికి 20,000 రూపాయలు దాటి లాభం చేకూరిస్తే 2022 జులై నుంచి 10 శాతం టీడీఎస్ కూడా. "మీ థాంక్స్ ఆ రేంజ్‌లో లేదు లెండి," అని నవ్వాడాయన. తర్వాత మా జాబితా చూసి, "ఈ అహ్మదాబాదు ఆయనకి కూడా వైనేనా?" అన్నాడు. గుజరాత్‌లో 1960లో రాష్ట్రం ఏర్పడినప్పటినుంచీ నిషేధమే. బీహార్‌లో 2016 నుంచి. థాంక్స్ అని మనం పంపేది అక్కడికి చేరేసరికి కేసవుతుంది.

ఆ జాబితా మా పార్ట్‌నర్ ఎక్సెల్‌లో వేశాడు. మొత్తం 31 పేర్లు, పక్కన 'వైన్', 'డ్రైఫ్రూట్స్' అని రెండు గడులు. దాన్ని ప్రింటు తీసి చూస్తే ఒక సంగతి కనిపించింది. ఏడుగురు ఆడవాళ్ళకీ డ్రైఫ్రూట్సే. మగవాళ్ళలో డ్రైఫ్రూట్స్ పడింది ఇద్దరికే, ఒకాయన ముస్లిం అని, ఇంకొకాయన ఏటా అయ్యప్ప మాల వేస్తాడని. మిగతా ఇరవై రెండు మందికీ వైన్. అందులో ఎంతమంది మాలలో ఉన్నారో, డిసెంబరు కదా, ఎవరికి తెలుసు? ఎవరికి లివర్ రిపోర్టు వచ్చిందో, ఎవరింట్లో గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి ఉందో తెలీదు. వాళ్ళతో మాకున్న పరిచయం ఫాంట్ సైజు గురించి, డెలివరీ తేదీ గురించి.

"అడుగుదాం," అన్నాను.

"ఎవరైనా గిఫ్టు అడిగి ఇస్తారా?" అన్నాడు. "సర్‌ప్రైజ్ ఏముంది అందులో?"

"మనకి కావాల్సింది సర్‌ప్రైజా?"

చివరికి చెరో పదిహేను మందికీ ఫోన్ చేశాం. అహ్మదాబాదు ఆయనకి అడక్కుండానే బందరు హల్వా, పూతరేకులు అనుకున్నాం. నా వంతు ఫోన్లు రెండు రోజులు పట్టాయి. సంకోచంగానే మొదలుపెట్టేదాన్ని. "ఏడాది చివర కదండీ, మా తరఫున చిన్నది పంపుదామని. వైన్ అనుకుంటున్నాం. మీకూ ఇంట్లోవాళ్ళకీ అభ్యంతరం లేకపోతేనే. లేదంటే వేరేది పంపిస్తాం." కొందరు నవ్వారు. ఒకాయన, "అభ్యంతరం ఏముందండీ, పంపేయండి," అని, అయిదు నిమిషాల్లో మళ్ళీ తనే ఫోన్ చేసి, "వద్దులెండి, అమ్మాయి ఇంటర్ చదువుతోంది, ఇంట్లో కనబడితే బావుండదు," అన్నాడు. విత్తనాల కంపెనీలో ఒక పెద్దాయన, ఎప్పుడూ కోపంగానే మాట్లాడే మనిషి, కాసేపు ఊరుకుని, "నేను మానేసి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ ప్రతి డిసెంబరూ ఎవడో ఒకడు పంపుతాడు. అడిగినవాళ్ళు మీరే," అన్నాడు. ఆ తర్వాత, "థాంక్సమ్మా," అన్నాడు. ఆయన నన్ను అప్పటిదాకా ఎప్పుడూ 'అమ్మా' అనలేదు.

ఒక ల్యాబ్‌లో క్వాలిటీ హెడ్‌గా చేసే ఆవిడకి జాబితాలో డ్రైఫ్రూట్స్ రాసి ఉంది. ఆవిడనీ అదే ప్రశ్న అడిగాను. "ఓ, వైనే పంపండి! రెడ్ అయితే ఇంకా మంచిది. ఆఫీసుకొద్దు, ఇంటికి పంపండి."

"ఇంట్లో పెద్దవాళ్ళు..." అని నసిగాను.

"మా అత్తగారేగా? ఆవిడా నేనూ కలిసే తాగుతాం. మా ఆయనకే పడదు."

మొత్తం మీద వైన్ కావాలన్నది తొమ్మిది మంది. అందులో ముగ్గురు ఆడవాళ్ళు. జాబితాలో ఇరవై రెండు ఉన్నది తొమ్మిదికి వచ్చింది. ఆ తొమ్మిదీ ఎవరో ఒకరు కచ్చితంగా తెరిచే సీసాలు. తొమ్మిదీ ఊళ్ళోవే. కొరియర్ వాళ్ళు సీసాలంటే తీసుకోరు కాబట్టి మేమే చేత్తో పట్టుకెళ్ళి ఇచ్చాం. నిజం చెప్పొద్దూ, ఆ ప్రయాణాల్లోనే క్లయింట్లతో ఫాంట్ సైజు కాకుండా వేరే మాటలు మాట్లాడాం. ల్యాబ్ మేడమ్ గారింట్లో తలుపు తీసింది అత్తగారే. సీసా అందుకుని, లేబుల్ మీద చదివి, "చల్లారబెట్టాలా, వద్దా?" అనడిగింది. రెడ్‌ని మరీ చల్లారబెట్టక్కర్లేదండీ, మన ఊరి వేడికి తాగేముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే చాలని చెప్పాను. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, వెళ్ళేటప్పుడు ఒక సీసాలో ఉసిరికాయ పచ్చడి పెట్టిచ్చింది.

మిగిలినవాళ్ళకి పచ్చళ్ళో, పోచంపల్లి తువ్వాళ్ళో, పుస్తకాలో, ఎవరేది అంటే అది వెళ్ళాయి. అకౌంట్స్‌లో ఉన్నవాళ్ళకి మాత్రం ఏమీ పంపలేదు. వాళ్ళ డైరెక్టర్లకి ఒక్కో ఉత్తరం రాశాం, కంపెనీ లెటర్‌హెడ్ మీద. ఫలానా వారు ఈ ఏడాది మా బిల్లులన్నీ తప్పులు సరిచేయించి మరీ గడువులోపల పాస్ చేశారు, పదకొండు మంది జీతాలు నెల ఒకటో తారీఖున పడ్డాయంటే అందులో వారి చెయ్యి ఉంది అని. దానికి పన్ను లేదు, నిషేధం లేదు, దాన్ని లంచమని ఎవరూ అనలేరు. ఇంక్రిమెంట్లప్పుడు ఫైల్లో కనిపిస్తే కనిపిస్తుంది.

ఈసారి జాబితాకి మా పార్ట్‌నర్ ఆగస్టులోనే కొత్త షీటు తెరిచాడు. అందులో 'వైన్' గడి ఉంది, 'డ్రైఫ్రూట్స్' గడి తీసేశాడు. దాని బదులు 'అడిగామా?' అని పెట్టాడు.